మనస్తత్వ శాస్త్ర వృత్తిలో మైనారిటీ జాతుల వాటా: అమెరికా వందేళ్ల అనుభవం ఏం చెబుతోంది?

1971లో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలో ఆరుగురు నల్లజాతి బాలబాలికల తరఫున ఫెడరల్ న్యాయస్థానంలో ఒక వ్యాజ్యం దాఖలైంది. ఐక్యూ పరీక్షలో మార్కులు తక్కువ వచ్చాయన్న కారణంతో ఆ పిల్లలను 'మందబుద్ధి' విద్యార్థుల కోసం పెట్టిన ప్రత్యేక తరగతులలో కూర్చోబెట్టారు. అప్పటికి ఆ నగరంలోని పాఠశాలల విద్యార్థులలో నల్లజాతి పిల్లలు 28.5 శాతం. ఆ ప్రత్యేక తరగతులలో మాత్రం వారి వాటా 66 శాతం.

నల్లజాతి సైకాలజిస్టుల సంఘానికి చెందిన స్థానిక నిపుణులు ఆ ఆరుగురిని మళ్లీ పరీక్షించారు. ముందుగా పిల్లలతో చనువుగా మాట్లాడి వారి బెరుకు పోగొట్టారు. కొన్ని ప్రశ్నలను వారికి అలవాటైన మాటలలోకి మార్చి అడిగారు. పుస్తకంలో ఉన్న జవాబు కాకపోయినా, తెలివిగా ఆలోచించి చెప్పిన జవాబుకు మార్కులు ఇచ్చారు. ఆరుగురూ 75 అనే కటాఫ్‌ను దాటారు.

'లారీ పి. వర్సెస్ రైల్స్' పేరుతో చరిత్రకెక్కిన ఆ కేసులో 1979లో తీర్పు వెలువడింది. నల్లజాతి పిల్లలను అటువంటి తరగతులకు పంపడానికి కాలిఫోర్నియా రాష్ట్రం ఐక్యూ పరీక్షలను ఆధారం చేసుకోరాదని న్యాయమూర్తి రాబర్ట్ పెకమ్ ఆదేశించారు. మరుసటి ఏడాది షికాగోలో ఇటువంటిదే మరో కేసులో, ఆ పరీక్షలలో చెప్పుకోదగిన పక్షపాతం లేదంటూ ఇందుకు విరుద్ధమైన తీర్పు వచ్చింది. పరీక్ష మంచిదా, చెడ్డదా అన్న వివాదం ఆ తీర్పులతో ముగిసిపోలేదు. కానీ ఆ ఆరుగురి ఉదంతం అంతకంటే ముందు అడగవలసిన ప్రశ్నను ముందుకు తెచ్చింది. ఒక మనిషి తెలివిని, మనసును, జబ్బును నిర్ణయించే కుర్చీలో ఎవరు కూర్చుంటున్నారు?

మనస్తత్వ శాస్త్ర వృత్తిలో మైనారిటీ జాతుల వాటా పెరగాలన్న వాదనకు మూలం ఈ ప్రశ్నే. అమెరికాలో ఈ ప్రయత్నానికి వందేళ్ల చరిత్ర ఉంది. ఆ అనుభవం భారతదేశానికి, తెలుగు రాష్ట్రాలకు ఎంతవరకు వర్తిస్తుందో కూడా పరిశీలిద్దాం.

అంకెలు ఏం చెబుతున్నాయి?

అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్, అంటే ఏపీఏ, ఆ దేశంలో సైకాలజిస్టుల అతిపెద్ద సంఘం. ఆ సంఘం విశ్లేషణ ప్రకారం 2015లో అమెరికాలో పనిచేస్తున్న సైకాలజిస్టులలో 86 శాతం మంది శ్వేతజాతీయులు. ఆసియా మూలాలవారు 5 శాతం, హిస్పానిక్‌లు 5 శాతం, నల్లజాతివారు 4 శాతం. అదే కాలంలో దేశ జనాభాలో శ్వేతజాతీయేతరుల వాటా మూడింట ఒక వంతు కంటే ఎక్కువ.

ఇక్కడ ఒక తేడాను గుర్తుంచుకోవాలి. సైకియాట్రిస్టు వైద్య విద్య చదివి, మందులు రాయగలిగిన డాక్టరు. సైకాలజిస్టు మనస్తత్వ శాస్త్రం చదివి, పరీక్షల ద్వారా సమస్యను అంచనా వేసి, సంభాషణ ప్రధానమైన చికిత్స అందించే నిపుణుడు. అమెరికాలో స్వతంత్రంగా ప్రాక్టీసు చేయాలంటే సాధారణంగా డాక్టరేట్ పట్టా, ఒక ఏడాది ఇంటర్న్‌షిప్, నిర్ణీత గంటల పర్యవేక్షిత అనుభవం, ఆపైన లైసెన్సు పరీక్ష తప్పనిసరి. డిగ్రీలో చేరినప్పటి నుంచి లెక్కిస్తే ఇది పది, పన్నెండేళ్ల ప్రయాణం. దారి ఇంత పొడవైనప్పుడు, బయలుదేరిన వారిలో ఎవరు మధ్యలోనే ఆగిపోతారన్నది వారి ప్రతిభ మీద మాత్రమే ఆధారపడి ఉండదు.

మూసిన తలుపుల చరిత్ర

మనసును గురించిన శాస్త్రాలు అమెరికాలో జాతి వివక్షకు అతీతంగా పుట్టలేదు. 1851లో శామ్యూల్ కార్ట్‌రైట్ అనే వైద్యుడు, బానిసలు యజమానుల వద్ద నుంచి పారిపోవాలనుకోవడాన్ని ఒక మానసిక వ్యాధిగా వర్ణించి, దానికి 'డ్రాపెటోమేనియా' అని పేరు పెట్టాడు. స్వేచ్ఛను కోరుకోవడమే రోగ లక్షణమైంది.

1892లో ఏపీఏను స్థాపించి, తొలి అధ్యక్షుడైన జి. స్టాన్లీ హాల్ సైతం శ్వేతజాతీయేతరులను ఇంకా పరిణతి రాని 'కౌమార దశ'లోని జాతులుగా తన రచనలలో పేర్కొన్నాడు. చరిత్రలోని విచిత్రం ఏమిటంటే, మనస్తత్వ శాస్త్రంలో పీహెచ్‌డీ పొందిన తొలి ఆఫ్రికన్ అమెరికన్ ఫ్రాన్సిస్ సెసిల్ సమ్నర్ ఆయన శిష్యుడే. 1920లో క్లార్క్ విశ్వవిద్యాలయం నుంచి సమ్నర్ ఆ పట్టా అందుకున్నారు. ఉన్నత పాఠశాల మెట్టు ఎక్కకుండా ఇంటి వద్దే చదువుకొని, ప్రవేశ పరీక్ష రాసి పదిహేనో ఏట కళాశాలలో చేరిన వ్యక్తి ఆయన. తరువాతి కాలంలో వాషింగ్టన్‌లోని హోవార్డ్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వ శాస్త్ర విభాగానికి సారథ్యం వహించి, నల్లజాతి విద్యార్థులను ఈ రంగంలోకి తీసుకువచ్చారు.

ఆ విద్యార్థులలో ఒకరు కెన్నెత్ క్లార్క్. ఆయన, ఆయన భార్య మేమీ ఫిప్స్ క్లార్క్ ఇద్దరూ హోవార్డ్‌లో చదివి, కొలంబియా విశ్వవిద్యాలయంలో డాక్టరేట్లు పొందారు. అంత చదువు చదివినా మేమీ క్లార్క్‌కు న్యూయార్క్‌లో తన అర్హతకు తగిన ఉద్యోగం దొరకడం గగనమైంది. 1946లో దంపతులిద్దరూ హార్లెమ్‌లో పిల్లల కోసం 'నార్త్‌సైడ్' కేంద్రాన్ని స్థాపించారు. పాఠశాలలు 'మందబుద్ధి' అని ముద్ర వేసిన పిల్లలను ఈ కేంద్రం మళ్లీ పరీక్షించింది. వారిలో చాలామందికి ఆ ముద్ర తగదని తేల్చింది.

క్లార్క్ దంపతుల పేరు చెబితే వెంటనే గుర్తుకు వచ్చేది బొమ్మల పరీక్ష. మూడు నుంచి ఏడేళ్ల లోపు నల్లజాతి పిల్లలు 253 మందికి గోధుమ రంగు బొమ్మలను, తెల్ల బొమ్మలను చూపించి, ఏది మంచిది, దేనితో ఆడుకుంటారు అని అడిగారు. దాదాపు మూడింట రెండు వంతుల మంది తెల్ల బొమ్మనే ఎంచుకున్నారు. వేరుగా ఉంచడం పిల్లల ఆత్మగౌరవాన్ని ఎలా గాయపరుస్తుందో వివరించిన కెన్నెత్ క్లార్క్ పరిశోధనా పత్రాన్ని, పాఠశాలలలో జాతి విభజన రాజ్యాంగ విరుద్ధమని 1954లో ప్రకటించిన బ్రౌన్ కేసు తీర్పులో అమెరికా సుప్రీంకోర్టు ఉదహరించింది.

ఆ ప్రశ్నను అంతకుముందు ఎవరూ ఆ విధంగా అడగకపోవడం గమనార్హం. ఆ పిల్లల వంటి బాల్యం గడిపినవారు పరిశోధకులైనప్పుడే అది శాస్త్రానికి ప్రశ్నగా కనిపించింది. ప్రాతినిధ్యం వల్ల కలిగే మొదటి ప్రయోజనం ఇదే. దాని వల్ల పరిశోధనాంశమే మారుతుంది.

1968: సంఘాన్ని నిలదీసిన సభ్యులు

క్లార్క్ దంపతుల విజయం ఒక మినహాయింపుగానే మిగిలింది. 1920 నుంచి 1966 వరకు అమెరికాలోని పది అగ్రశ్రేణి మనస్తత్వ శాస్త్ర విభాగాలు 3,700కు పైగా పీహెచ్‌డీలు ప్రదానం చేయగా, వాటిలో నల్లజాతి విద్యార్థులకు దక్కినవి ఎనిమిది మాత్రమే.

1967 సెప్టెంబరులో మార్టిన్ లూథర్ కింగ్ జూనియర్ ఏపీఏ వార్షిక సదస్సులో ప్రసంగించారు. పౌర హక్కుల పోరాటంలో సామాజిక శాస్త్రవేత్తల బాధ్యతను గుర్తు చేశారు. ఆయన హత్య జరిగిన కొద్ది నెలలకు, 1968లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన సదస్సు సందర్భంగా నల్లజాతి సైకాలజిస్టులు తమదైన సంఘాన్ని ఏర్పాటు చేసుకున్నారు. ఈ రంగంలో నల్లజాతి నిపుణుల, విద్యార్థుల సంఖ్య అతి తక్కువగా ఉండటం, పేదరికం, జాత్యహంకారం వంటి సమస్యలను సంఘం పట్టించుకోకపోవడం, సంఘం నిర్ణాయక స్థానాలలో తమకు చోటు లేకపోవడం వారు లేవనెత్తిన ముఖ్యాంశాలు.

మరుసటి ఏడాది వాషింగ్టన్ సదస్సులో విద్యార్థులు మరో అడుగు ముందుకు వేశారు. అధ్యక్షుడు జార్జ్ మిల్లర్ ప్రసంగించవలసిన వేదికపైకి నల్లజాతి విద్యార్థుల సంఘం ప్రతినిధులు వచ్చి తమ డిమాండ్లను వినిపించారు. నల్లజాతి విద్యార్థులను, అధ్యాపకులను చేర్చుకోవడానికి నిర్దిష్టమైన కార్యక్రమం కావాలన్నది వాటిలో ప్రధానమైనది.

ఇతర సముదాయాలలోనూ ఇటువంటి కదలిక వచ్చింది. అమెరికాలో మనస్తత్వ శాస్త్రంలో డాక్టరేట్ పొందిన తొలి లాటినా మహిళగా మార్తా బెర్నాల్ 1962లో చరిత్ర సృష్టించారు. 1972లో ఆసియా మూలాలున్న సైకాలజిస్టులు తమ సంఘాన్ని స్థాపించారు. 1971లో కెన్నెత్ క్లార్క్ ఏపీఏకు తొలి నల్లజాతి అధ్యక్షుడయ్యారు. ఆ పదవిని ఒక నల్లజాతి మహిళ, జెస్సికా హెండర్సన్ డేనియల్, అధిష్ఠించడానికి 2018 దాకా ఆగవలసి వచ్చింది.

1976లో రాబర్ట్ గత్రీ ఈ చరిత్రనంతా 'ఈవెన్ ద ర్యాట్ వాజ్ వైట్' అనే గ్రంథంగా వెలువరించారు. ప్రయోగశాలలో ఎలుక కూడా తెల్లదే అన్న ఆ శీర్షికలోని చురక, ఆ శాస్త్రం ఎవరిని పరిశీలించి ఎవరి గురించి తీర్మానాలు చేసిందో సూచిస్తుంది.

దారిలో ఎక్కడ ఆగిపోతున్నారు?

డిగ్రీ స్థాయిలో మనస్తత్వ శాస్త్రం చదివే మైనారిటీ విద్యార్థులు అమెరికాలో తక్కువేమీ కాదు. పై మెట్లు ఎక్కేకొద్దీ వారి సంఖ్య పలచబడుతుంది. దీనికి కారణాలు ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయి.

మొదటిది డబ్బు. పరిశోధన ప్రధానమైన పీహెచ్‌డీలో చేరితే ఫీజు మినహాయింపు, భత్యం లభించే అవకాశం ఉంది. కానీ అక్కడ సీట్లు బహు స్వల్పం. చికిత్స ప్రధానమైన సైడీ కోర్సులలో సీట్లు ఎక్కువైనా, ఖర్చు చాలావరకు విద్యార్థే భరించాలి. పైగా సీటు రావాలంటే ముందే ఏదో ఒక ప్రయోగశాలలో పనిచేసిన అనుభవం చూపాలి. ఆ పని చాలాచోట్ల జీతం లేనిది. సాయంత్రం పూట దుకాణంలో పనిచేసి ఇల్లు నడపవలసిన విద్యార్థికి అది అందని పండు.

రెండవది ప్రవేశ పరీక్ష. జీఆర్‌ఈలో కటాఫ్ పెట్టి దరఖాస్తులను వడపోయడం చాలాకాలంగా సాగిన పద్ధతి. కోచింగ్‌కు, పదేపదే రాయడానికి స్తోమత ఉన్నవారికి అది అనుకూలం. కోవిడ్ కాలం నుంచి అనేక విభాగాలు ఈ పరీక్షను ఐచ్ఛికం చేశాయి, కొన్ని పూర్తిగా తొలగించాయి.

మూడవది మార్గదర్శకులు లేకపోవడం. ఏ ప్రొఫెసరుకు ఎలా ఉత్తరం రాయాలి, సిఫారసు లేఖ ఎవరిని అడగాలి, ఇంటర్వ్యూలో ఏం ఆశిస్తారు వంటి విషయాలు ఏ పాఠ్యపుస్తకంలోనూ ఉండవు. కుటుంబంలో తొలిసారిగా కళాశాల గడప తొక్కిన వారికి వాటిని చెప్పే మనిషి కావాలి.

నాలుగవది సీటు వచ్చాక ఎదురయ్యే ఒంటరితనం. తరగతిలో తనవంటివారు మరొకరు లేనప్పుడు, పాఠంలో తన సముదాయం ప్రస్తావన సమస్యగానో, లోపంగానో మాత్రమే వచ్చినప్పుడు, విద్యార్థి ఆ వృత్తి తనది కాదని భావించే ప్రమాదం ఉంది.

ఫలితమిచ్చిన ప్రయత్నాలు

ఈ నాలుగింటినీ కలిపి ఎదుర్కొన్న కార్యక్రమాలే నిలబడ్డాయి. 1974లో జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిధులతో ఏపీఏ మైనారిటీ ఫెలోషిప్‌ను ప్రారంభించింది. ఇది డాక్టరేట్ విద్యార్థికి భత్యం ఇవ్వడంతో ఆగదు. అనుభవజ్ఞుడైన మార్గదర్శిని జత చేస్తుంది, తోటి ఫెలోలతో పరిచయాలు కల్పిస్తుంది. ఈ ఫెలోషిప్ నుంచి వచ్చినవారిలో పలువురు తరువాత అధ్యాపకులై, తమ వంతుగా మరికొందరిని తీర్చిదిద్దారు.

మరో ఉదాహరణ అమెరికా ఆదివాసులకు, అంటే నేటివ్ అమెరికన్లకు, ఉద్దేశించిన 'ఇండియన్స్ ఇంటు సైకాలజీ' కార్యక్రమం. ఈ పేరులోని ఇండియన్ అనే మాట భారతీయులను ఉద్దేశించినది కాదు. నార్త్ డకోటా, ఓక్లహోమా స్టేట్, మోంటానా విశ్వవిద్యాలయాలు ఆదివాసీ విద్యార్థులను ఈ మార్గంలోకి తెచ్చాయి. ఈ కార్యక్రమం సీట్ల కేటాయింపుకే పరిమితం కాలేదు. వేసవి శిబిరాల ద్వారా ముందుగానే విద్యార్థులను గుర్తించడం, ఆర్థిక సాయం చేయడం, చదువు పూర్తయ్యాక ఆదివాసీ ప్రాంతాలలో సేవకు దారి చూపడం దీని విశిష్టత.

వ్యక్తుల చొరవను కూడా విస్మరించలేం. 1970లో 'ఎబొనీ' పత్రికలో నల్లజాతి మనస్తత్వ శాస్త్రం గురించి రాసి చర్చను రేపిన జోసెఫ్ వైట్, కాలిఫోర్నియాలో పేద, మైనారిటీ విద్యార్థులకు విశ్వవిద్యాలయ ప్రవేశం కల్పించే అవకాశాల కార్యక్రమాన్ని నెలకొల్పడంలో కీలకపాత్ర వహించారు. దశాబ్దాల పాటు శిష్యులను వెన్నుతట్టి ముందుకు నడిపారు.

సొంత జాతి నిపుణుడైతేనే చికిత్స పనిచేస్తుందా?

ఈ ప్రశ్నకు తొందరపడి అవునని చెప్పలేం. 2011లో రాకెల్ కాబ్రాల్, తిమోతీ స్మిత్ అనే పరిశోధకులు అప్పటి వరకు వచ్చిన అధ్యయనాలను క్రోడీకరించి విశ్లేషించారు. తమ జాతికి చెందిన నిపుణుడే కావాలన్న కోరిక చికిత్స కోరేవారిలో ఓ మోస్తరుగా బలంగానే కనిపించింది. కానీ చికిత్స ఫలితాలలో సగటున తేడా దాదాపు లేదు. నల్లజాతి అమెరికన్ల విషయంలో మాత్రం ఫలితాలపై కొంత ప్రభావం కనిపించింది.

దీని అర్థాన్ని జాగ్రత్తగా గ్రహించాలి. ఒకసారి కుర్చీలో కూర్చొని చికిత్స మొదలుపెట్టిన వ్యక్తికి, నిపుణుడి జాతి కంటే అతడి నైపుణ్యం, సానుభూతి ముఖ్యం కావచ్చు. అయితే ఆ గడప తొక్కడానికే సంకోచించేవారి మాటేమిటి? వివక్షను చవిచూసిన వారు తలుపు దగ్గరే ఆగిపోతే, లోపల ఎంత మంచి చికిత్స ఉన్నా ప్రయోజనం లేదు.

రోగ నిర్ధారణ మరో కోణం. అమెరికాలో నల్లజాతివారికి స్కిజోఫ్రెనియా ఉందని నిర్ధారించే రేటు శ్వేతజాతీయుల కంటే ఎక్కువగా ఉన్నట్లు దశాబ్దాలుగా అధ్యయనాలు చెబుతున్నాయి. 1960లు, 70లలో నల్లజాతి పురుషుల ఆగ్రహాన్ని రోగంగా ఎలా చూశారో మిషిగన్‌లోని ఒక ఆసుపత్రి రికార్డుల ఆధారంగా జోనాథన్ మెట్‌జల్ 2010లో ఒక గ్రంథం వెలువరించారు.

కాబట్టి ప్రాతినిధ్యం కోరడమంటే నల్లజాతివారిని నల్లజాతివారే, తెల్లవారిని తెల్లవారే చూడాలనడం కాదు. పరీక్షలను రూపొందించే బృందంలో, పాఠ్యాంశాలను నిర్ణయించే సంఘంలో, రోగ నిర్ధారణపై చర్చించే గదిలో భిన్నమైన అనుభవం ఉన్నవారు కూర్చుంటే, అందరి నిర్ణయాలూ మెరుగుపడతాయన్నది అసలు వాదన.

2021 అక్టోబరులో ఏపీఏ జాత్యహంకారాన్ని పెంచి పోషించడంలో తన పాత్రకు బహిరంగంగా క్షమాపణ చెప్పింది. అయితే ఆ తరువాత గాలి మరోవైపు మళ్లింది. విశ్వవిద్యాలయ ప్రవేశాలలో జాతిని పరిగణనలోకి తీసుకోరాదని 2023 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. 2025 మార్చిలో ఏపీఏ గుర్తింపు మండలి, శిక్షణ కార్యక్రమాలు వైవిధ్యం కోసం కృషి చేయాలన్న నిబంధన అమలును తాత్కాలికంగా నిలిపివేసింది. దశాబ్దాల కృషి ఒక పాలనా నిర్ణయంతో ఎంత త్వరగా నెమ్మదించగలదో ఇది చూపుతోంది.

భారతదేశంలో ఈ ప్రశ్న ఎలా ఉంటుంది?

అమెరికాలోని జాతి, మన దేశంలోని కులం, తెగ ఒకటి కావు. వాటిని యథాతథంగా పోల్చడం పొరపాటు. అయినా ఎవరి అనుభవం శాస్త్రంగా గుర్తింపు పొందుతుంది, ఎవరిది పొందదు అన్న ప్రశ్న రెండు చోట్లా ఒకటే. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో షెడ్యూల్డ్ కులాలు 16.6 శాతం, షెడ్యూల్డ్ తెగలు 8.6 శాతం.

మన దేశంలో మనస్తత్వ శాస్త్రానికి తొలి విశ్వవిద్యాలయ విభాగం 1916లో కలకత్తాలో ఏర్పడింది. 1955లో బెంగళూరులో, నేటి నిమ్‌హాన్స్‌కు పూర్వరూపమైన సంస్థలో, క్లినికల్ శిక్షణ మొదలైంది. 1992 నాటి చట్టం ప్రకారం భారత పునరావాస మండలి వద్ద పేరు నమోదైతేనే క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేసే అర్హత లభిస్తుంది. ఆ నమోదుకు చాలాకాలం ప్రధాన మార్గం రెండేళ్ల ఎంఫిల్. జాతీయ విద్యా విధానంలో భాగంగా ఎంఫిల్‌ను రద్దు చేసినా, నిపుణుల కొరత దృష్ట్యా క్లినికల్ సైకాలజీకి 2025-26 వరకు యూజీసీ మినహాయింపు ఇచ్చింది. దాని స్థానంలో కొత్త కోర్సులు వస్తున్నాయి. ఒక వృత్తికి ప్రవేశ ద్వారాన్ని తిరిగి కడుతున్న సమయం కనుక, ఆ ద్వారం ఎవరికి ఎంత వెడల్పుగా ఉండాలో నిర్ణయించుకోవడానికి ఇదే అదను.

అమెరికాలో లేనిది మనకు ఒకటి ఉంది. అది రాజ్యాంగబద్ధమైన రిజర్వేషన్. కేంద్ర విద్యాసంస్థలలో షెడ్యూల్డ్ కులాలకు 15 శాతం, తెగలకు 7.5 శాతం, ఇతర వెనుకబడిన తరగతులకు 27 శాతం సీట్లు కేటాయిస్తారు. కానీ సీటు దక్కడం ఒక ఎత్తు, లోపల నిలదొక్కుకోవడం మరో ఎత్తు. దిల్లీ ఎయిమ్స్‌లో షెడ్యూల్డ్ కులాలు, తెగల విద్యార్థులు ఎదుర్కొంటున్న వివక్షపై సుఖ్‌దేవ్ థోరట్ కమిటీ 2007లో ఇచ్చిన నివేదిక ఈ రెండో ఎత్తు ఎంత కఠినమో వివరించింది. 2016లో హైదరాబాద్ విశ్వవిద్యాలయ పరిశోధక విద్యార్థి రోహిత్ వేముల మరణం తరువాత, కుల వివక్షను, మానసిక వేదనను వేర్వేరుగా చూడలేమన్న చర్చ దేశమంతటా సాగింది.

మరోవైపు అవసరం కొండంత ఉంది. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం, వివిధ మానసిక సమస్యలున్న వారిలో 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదు.

తెలుగు నేలపై భాష, బెంగ, వైద్యం

తెలుగువారు మనోవేదనను చెప్పుకునే తీరు గమనించండి. 'గుండె దడగా ఉంది', 'మనసు మనసులో లేదు', 'నరాల బలహీనత', 'బెంగ పెట్టుకుంది'. వీటిలో బెంగ అన్న మాటనే తీసుకుంటే, అందులో దిగులు, ఎడబాటు, భయం మూడూ కలగలిసి ఉంటాయి. ఇంగ్లిష్ ప్రశ్నావళిలోని ఏ ఒక్క గడిలోనూ అది ఇమడదు. తెలుగు పరిస్థితే ఇలా ఉంటే, తెలుగు సైతం రెండో భాష అయిన గోండు, కోయ, సవర, లంబాడీ బాలబాలికల మాట వేరే చెప్పనక్కరలేదు. పరభాషలో అడిగిన ప్రశ్నకు బిడ్డ మౌనం వహిస్తే, ఆ మౌనం బెరుకా, అర్థం కాకపోవడమా, లేక జబ్బా? శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆరుగురు పిల్లల విషయంలో తలెత్తిన సందేహమే ఉట్నూరు, పాడేరు, సీతంపేట ఆశ్రమ పాఠశాలల విషయంలోనూ తలెత్తుతుంది.

ఈ సమస్యను మరో రంగంలో చాలా ముందుగా గుర్తించిన తెలుగువాడు గిడుగు రామమూర్తి. పర్లాకిమిడిలో ఉన్న రోజులలో ఆయన సవర భాష నేర్చుకొని, సవర పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పాలని పుస్తకాలు, వ్యాకరణం, నిఘంటువు రూపొందించారు. చదువు విషయంలో ఆయన చేసిన పని, మనసు విషయంలో చేయవలసి ఉంది. బయటివారు ఆ భాష నేర్చుకోవడం ఒక మార్గం. ఆ భాష మాట్లాడే ఇంటి నుంచే సైకాలజిస్టు రావడం అంతకంటే సుస్థిరమైన మార్గం.

ఇది ఇప్పుడు ఆదర్శంగా మాత్రమే మిగలలేదు, చట్టపరమైన అవసరంగానూ మారింది. విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతూ 2023లో మరణించిన ఒక విద్యార్థిని కేసులో 2025 జులై 25న సుప్రీంకోర్టు దేశవ్యాప్త మార్గదర్శకాలు జారీ చేసింది. వంద మంది, అంతకంటే ఎక్కువ విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థ కనీసం ఒక అర్హత గల కౌన్సెలర్‌ను గానీ, సైకాలజిస్టును గానీ, సామాజిక కార్యకర్తను గానీ నియమించుకోవాలని ఆదేశించింది. షెడ్యూల్డ్ కులాలు, తెగలు సహా అణగారిన నేపథ్యాల విద్యార్థులతో వివక్ష లేకుండా వ్యవహరించేలా సిబ్బందికి శిక్షణ ఇవ్వాలని కూడా స్పష్టం చేసింది.

ఈ ఆదేశాన్ని అక్షరాలా అమలు చేస్తే తెలుగు రాష్ట్రాలలోని గురుకులాలు, జూనియర్ కళాశాలలు, కోచింగ్ కేంద్రాలలో పెద్ద సంఖ్యలో కొత్త ఉద్యోగాలు ఏర్పడాలి. వాటిలో ఎవరు చేరుతారన్నది ఇప్పటి విధానాలే నిర్ణయిస్తాయి. అమెరికా అనుభవం నుంచి గ్రహించదగినవి కొన్ని ఉన్నాయి. ఏ నేపథ్యం నుంచి ఎందరు ఈ వృత్తిలోకి వస్తున్నారో క్రమం తప్పకుండా లెక్కించి ప్రకటించడం మొదటిది. డిగ్రీ దశలోనే విద్యార్థిని గుర్తించి, ఇంటర్న్‌షిప్ కాలానికి సరిపడా భత్యం ఇవ్వడం రెండవది. ప్రతి విద్యార్థికి ఒక మార్గదర్శిని జత చేయడం మూడవది. చదివినవారు తమ ప్రాంతంలోనే పనిచేసేలా ప్రభుత్వ పోస్టులు సృష్టించడం నాలుగవది. విజయనగరం, ములుగులలో వెలసిన కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయాలు ఇటువంటి శిక్షణకు సహజమైన చోట్లు కాగలవు.

సమ్నర్ పట్టా అందుకొని వందేళ్లు దాటిన తరువాత కూడా అమెరికాలో నల్లజాతి సైకాలజిస్టుల వాటా వారి జనాభా వాటాకు చాలా దూరంలో ఉంది. తలుపు తెరిస్తే చాలు, అందరూ వాటంతట అవే వచ్చి చేరుతారనుకున్న చోటల్లా ప్రగతి నత్తనడక నడిచింది. ఫీజు, భత్యం, మార్గదర్శి, ఉద్యోగం ఈ నాలుగూ ఒకే గొలుసులో కలిపిన చోట మాత్రం విద్యార్థి చివరి మెట్టు దాకా చేరాడు. వంద మంది పిల్లలకు ఒక కౌన్సెలర్‌ను వెతుకుతున్న మన రాష్ట్రాల ముందు ఇప్పుడున్న లెక్క కూడా ఇదే.

మానసిక సమస్యలతో బాధపడుతున్నవారు, వారి కుటుంబ సభ్యులు కేంద్ర ప్రభుత్వ 'టెలి మానస్' సేవను 14416 నంబరుపై ఉచితంగా సంప్రదించవచ్చు. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన ఈ సేవ తెలుగు సహా పలు భారతీయ భాషలలో రాత్రింబవళ్లు అందుబాటులో ఉంటుంది.